జగిత్యాల నుంచి దుబాయ్‌కి: టికెట్ మీద టైమ్ ఎలా చదవాలి

మా ఆయన దుబాయ్ పోయి పదకొండేళ్ళు. దించడానికో, తీసుకురావడానికో శంషాబాద్ ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. టికెట్ ఫోన్‌కు రాగానే నేనే కూర్చుని టైమ్ లెక్క కడతాను. దీనికి పెద్ద చదువేం అక్కర్లేదు, మీరూ కట్టుకోవచ్చు.

ముందు దూరం. గూగుల్ మ్యాప్స్‌లో శంషాబాద్ రన్‌వే మీద, పేరు రాసి లేని చోట వేలు నొక్కి పట్టుకోండి. గుర్తు పడ్డాక దూరం కొలిచే ఆప్షన్ తీసి, మ్యాప్‌ను దుబాయ్ ఎయిర్‌పోర్ట్ దాకా జరపండి. 2,550 కిలోమీటర్లకు అటూ ఇటూగా వస్తుంది.

పైకి ఎక్కాక విమానం గంటకు 800 నుంచి 900 కిలోమీటర్లు పోతుంది. 850తో భాగిస్తే 3 గంటలు. ఎక్కడానికీ దిగడానికీ ఇంకో అరగంట కలపండి. అంత ఎత్తులో గాలి ఎక్కువగా పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది, చలికాలంలో మరీ గట్టిగా. అందుకే ఎదురుగాలిలో పోయేటప్పుడు దాదాపు 4 గంటలు, వచ్చేటప్పుడు మూడున్నర పడుతుంది.

ఇక అందరూ తికమకపడేది టికెట్ దగ్గర. బయల్దేరే టైమ్ మనది, దిగే టైమ్ వాళ్ళది. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక. తెల్లవారుజామున 4:00కు ఎక్కి 6:30కి దిగుతాడని ఉంటే రెండున్నర గంటల ప్రయాణం అనుకోకండి. గంటన్నర కలపాలి, 4 గంటలు. వచ్చేటప్పుడు రాత్రి 10కి ఎక్కి 3:00కి దిగినట్టుంటే గంటన్నర తీసేయాలి, మూడున్నర గంటలు.

తారీఖు ఇంకా జాగ్రత్తగా చూడండి. మా తమ్ముడి టికెట్ మీద 12వ తారీఖు, 00:40 అని ఉండె. మేం 12న మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా బయల్దేరాం. కౌంటర్ దగ్గర అమ్మాయి టికెట్ చూసి, "విమానం నిన్న అర్ధరాత్రి దాటాకే వెళ్ళిపోయిందండీ" అంది. తమ్ముడు అట్లనే ట్రాలీ మీద చెయ్యేసి నిలబడిపోయాడు. కట్టిన పైసలు పోయాయి, అప్పు చేసి ఇంకో టికెట్ కొన్నాం. 00 అని కనబడితే ముందు రోజు పొద్దున్నే బ్యాగు సర్దుకోవాలి. అప్పటినుంచి నేను వంటింటి క్యాలెండర్‌లో ఎక్కే రోజుకు కాదు, ఇల్లు వదిలే రోజుకు ఎర్రపెన్నుతో సున్నా చుడతాను.

ఇల్లు వదిలే టైమ్‌ను వెనక నుంచి లెక్కపెట్టాలి. 4:00 విమానమంటే ఒంటిగంటకల్లా ఎయిర్‌పోర్ట్‌లో ఉండాలి. కౌంటర్ గంట ముందే మూసేస్తారు. జగిత్యాల నుంచి శంషాబాద్ 200 కిలోమీటర్లకు పైనే, కారులో 5 గంటలు పెట్టుకోండి. టైరు పంక్చరైనా ఇబ్బంది పడకుండా ఇంకో గంట. అంటే ముందు రోజు రాత్రి 7కల్లా గడప దాటాలి. 2,550 కిలోమీటర్లు 4 గంటల్లో దాటే మనిషికి, ఇంటి నుంచి విమానం దాకా రావడానికే అంతకంటే ఎక్కువసేపు పడుతుంది.

దిగాడో లేదో అని ఇంట్లో ఆగం కాకండి. అక్కడి 6:30 అంటే మనకు 8. ఇమిగ్రేషన్ లైను, లగేజీ అయ్యేసరికి ఇంకో గంట గంటన్నర. మా అత్తమ్మ ఏడింటి నుంచే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటుంది. గోడ గడియారంలో తొమ్మిది అంకె చూపించి, ముల్లు అది దాటాక చూద్దామని చెప్పి చాయ్ పెడతాను.