బండి నడిపేటప్పుడు వేసుకునే రక్షణ గేర్ కొనే ముందు: అనంతపురం అమ్మాయిలకు జాగ్రత్తలు

హెల్మెట్ దగ్గరే ఎక్కువ టైం పెట్టండి. కనుబొమ్మలకు కాస్త పైన టేపుతో తల చుట్టుకొలత తీసుకోండి. ఐఎస్ఐ గుర్తు, బండి హెల్మెట్ల నాణ్యతా ప్రమాణమైన ఐఎస్ 4151 నంబరు ఉన్నాయో లేదో చూడండి. జడ మెడ దగ్గర కిందకి వేసుకునే పెట్టి చూడాలి, కొప్పు ఉంటే హెల్మెట్ సరిగ్గా కూర్చోదు. పట్టీ బిగించి తల ఊపితే అది విడిగా కదలకూడదు.

మన ఎండకు మెష్ జాకెట్, అంటే గాలి ఆడే జాలీ గుడ్డ జాకెట్ మేలు. మగవాళ్ల జాకెట్‌లో చిన్న సైజుతో సర్దుకోవద్దు. భుజాలు జారి మోచేతి ప్యాడ్ పక్కకు పోతుంది. బండి మీద కూర్చున్నట్టు చేతులు చాపి చూడండి.

గ్లౌజులు, చీలమండ కప్పే బూట్లు కావాలి.

చున్నీ మాత్రం వద్దమ్మా, చక్రంలో చుట్టుకుంటే మెడకే ప్రమాదం.

డబ్బులు చాలకపోతే ముందు హెల్మెట్, తర్వాత గ్లౌజులు. అన్నీ సమకూరాకే 44వ నంబరు హైవే ఎక్కండి.