సంక్రాంతికి ఆపిన కారు ఉగాదికి సెల్ఫ్ తీసుకోకపోతే

పండక్కి వచ్చి, కారుని సోంపేటలోనో చీపురుపల్లిలోనో ఇంటి దగ్గర పెట్టేసి, మళ్లీ హైదరాబాదు రైలెక్కేసేవాళ్లు చాలామంది. ఉగాదికొచ్చి తాళం తిప్పితే టక్ టక్ మంటుంది, డ్యాష్‌బోర్డు లైట్లు మసగ్గా వెలిగి ఆరిపోతాయి. "బ్యాటరీ పోయింది, కొత్తది వేద్దాం" అనడం తేలిక. కొనేముందు ఒక లెక్క వేయండి.

ఆపిన కారు కూడా కరెంటు తాగుతూనే ఉంటుంది. గడియారం, అలారం, రిమోట్ రిసీవర్, ఇంజిన్ కంప్యూటర్ మెమరీ, అన్నీ కలిపి 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు మామూలే. 30 అనుకుంటే రోజుకి 0.72 ఆంపియర్ అవర్లు (ఆంపియర్లని గంటలతో గుణిస్తే వచ్చే లెక్క), 70 రోజులకి 50. చిన్న పెట్రోలు కార్లలో తరచూ కనిపించేది 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే కారులో ఏ లోపమూ లేకపోయినా ఉగాదికి ముందే అది ఖాళీ. మీ కారు రెండు నెలలకి చచ్చిందంటే వెతకడానికి ఏమీ లేకపోవచ్చు. నాలుగు రోజులకే చచ్చిందంటే మాత్రం కారులో ఏదో తాగేస్తోంది, లేదా బ్యాటరీయే పాడైంది.

తప్పు బ్యాటరీదా, కారుదా?

బ్యాటరీ విప్పి చార్జర్ మీద పెట్టండి. 35 ఆంపియర్ అవర్లదైతే 3.5 ఆంపియర్ల చొప్పున సుమారు 12 గంటలు. గాలి ఆడే చోట పెట్టండి, దగ్గర్లో అగ్గిపుల్ల గీయకండి. చార్జర్ తీశాక, ఏ వైరూ తగిలించకుండా రాత్రంతా వదిలేసి పొద్దున్న మల్టీమీటర్‌తో (వోల్టులు, ఆంపియర్లు కొలిచే మీటరు) చూడండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. 10.5 దగ్గర ఆగిపోయిందంటే ఆరు సెల్లుల్లో ఒకటి పోయినట్టే, దాన్ని మార్చాల్సిందే. 12.6 నిలబడి, కారుకి బిగించిన రెండు మూడు రోజుల్లోనే పడిపోతే తప్పు కారుది.

కరెంటు ఎటు పోతోంది?

ముందు చీకట్లో చూడండి, ఖర్చు లేని పరీక్ష. డిక్కీ లైటు, గ్లవ్ బాక్స్ లైటు, బ్రేకు లైట్లు. బ్రేకు పెడల్ దగ్గరుండే చిన్న రబ్బరు బిళ్ల ఊడిపోతే వెనక లైట్లు ఆరవు. 5 వాట్ల బల్బు ఒక్కటి వెలుగుతూ ఉన్నా రోజుకి 10 ఆంపియర్ అవర్లు పోతాయి.

ఏమీ వెలగకపోతే మీటరు పట్టాలి. ఎర్ర వైరుని మీటర్లో 10 ఆంపియర్లని గుర్తున్న రంధ్రంలో పెట్టండి. బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి, కేబుల్‌కీ మైనస్ టెర్మినల్‌కీ మధ్య మీటరు కలపండి. డోర్లన్నీ మూసి, రిమోట్ తాళంచెవిని ఇంట్లో పెట్టి, అరగంట ఆగండి. కారులోని కంప్యూటర్లు నిద్రపోవడానికి అంత సమయం పడుతుంది. ఇక్కడే చాలామంది తొందరపడి, మొదటి నిమిషంలో కనిపించే అంకె చూసి కంగారుపడతారు. మీటరు తగిలించి ఉండగా సెల్ఫ్ కొట్టారో, మీటరు పాడైపోతుంది.

అరగంట తర్వాత కూడా 0.05 ఆంపియర్ల (అంటే 50 మిల్లీ ఆంపియర్ల) కంటే బాగా ఎక్కువుంటే ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి మళ్లీ పెట్టండి. దేన్ని తీసినప్పుడు అంకె పడిపోతుందో దొంగ ఆ లైన్లోనే ఉన్నాడు. బయట వేయించిన స్టీరియో, డ్యాష్‌క్యామ్, జీపీఎస్ ట్రాకర్లనే ముందు అనుమానించండి. తాళంతో పాటు ఆగిపోవాల్సిన వైరుని నేరుగా బ్యాటరీ లైన్‌కి కలిపేయడం తరచూ జరిగే తప్పు. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఇంజిన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లో, కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడు కారుతుండొచ్చు, అది ఎలక్ట్రీషియన్‌కి వదిలేయండి.

సముద్రపు గాలి

కళింగపట్నం, భావనపాడు, పూసపాటిరేగ దగ్గరి చింతపల్లి లాంటి తీరపు ఊళ్లలో దీన్ని మర్చిపోకూడదు. ఉప్పు, దుమ్ము, తేమ కలిసి బ్యాటరీ పైభాగం మీద పొరలా పడితే ఆ పొర గుండానే కరెంటు కారుతుంది. మీటరు వోల్టుల్లో పెట్టి, ఒక మొన మైనస్ మీద, రెండోది ప్లాస్టిక్ మూత మీద ఆనించి జరపండి. అంకె కనిపిస్తే కారుతున్నట్టే. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా వంటసోడా కలిపి, గుడ్డ ముంచి తుడవండి. ఆ నీళ్లు సెల్లుల్లోకి మాత్రం దిగకూడదు. ఆరాక టెర్మినళ్లు బిగించి వేజలైన్ రాయండి.

మళ్లీ ఊరెళ్లేముందు

"వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచండి నాన్నా" అని చెప్పి వెళ్లడం వల్ల పెద్దగా లాభం లేదు. ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతుంటే, చార్జింగ్ అంతంతమాత్రం, పైగా ఇంజిన్ సరిగా వేడెక్కక సైలెన్సర్‌లో నీరు చేరుతుంది. నడిపేవాళ్లుంటే పదిహేను రోజులకోసారి శ్రీకాకుళం నుంచి నరసన్నపేట వెళ్లొచ్చినంత దూరం నడపమనండి. లేకపోతే బ్యాటరీ నిండుగా చార్జ్ చేసి, 10 నంబరు పానాతో మైనస్ కేబుల్ విప్పేసి, అది వెనక్కి జారి తగలకుండా గుడ్డ చుట్టండి. ప్లస్ విప్పాల్సొచ్చినా ముందు మైనస్సే తీయాలి, బిగించేటప్పుడు దాన్ని చివర్లో పెట్టాలి. లేదంటే పానా బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి.

మైనస్ విప్పాక రిమోట్ పనిచేయదు. తాళంచెవి డోరు రంధ్రంలో తిరుగుతోందో లేదో విప్పేముందే చూసుకోండి. ఉప్పుగాలికి అదీ పట్టేసి ఉండొచ్చు.