పేటెంట్ గడువు దాటిపోతే: ఉపశమనానికి దరఖాస్తు ఎలా?

గడువు దాటగానే హక్కు పోయిందని వదిలేసేవాళ్లు చాలామంది. తొందరపడి వదులుకోకండి. ముందు దాటింది ఏ గడువో తేల్చుకోండి, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది.

పేటెంటును నిలుపుకోవడానికి కట్టే ఫీజు ఆలస్యమైతే పెద్దగా టెన్షన్ అక్కర్లేదు. పారిస్ ఒప్పందం ప్రకారం కనీసం 6 నెలల అదనపు సమయం ఉంటుంది. ఆ దేశపు పేటెంట్ ఆఫీసు సర్‌చార్జ్ అడిగితే దాంతో కలిపి కట్టాలి.

అసలు చిక్కు ప్రయారిటీ దగ్గర, అంటే తర్వాతి దరఖాస్తుకు మొదటి దరఖాస్తు తేదీనే లెక్కించే హక్కు దగ్గర వస్తుంది. మొదటి దరఖాస్తు వేసిన 12 నెలల్లో పీసీటీ (పేటెంట్ సహకార ఒప్పందం) కింద అంతర్జాతీయ దరఖాస్తు వేయలేకపోతే ఆ పాత తేదీ చేజారుతుంది. ఈలోగా ఆవిష్కరణ బయటికి వచ్చి ఉంటే పేటెంటే దక్కకపోవచ్చు. అందుకే పీసీటీ నియమాల్లో 26బిస్.3 అనే నియమం ఉంది. 12 నెలలు ముగిశాక 2 నెలల్లోపు అంతర్జాతీయ దరఖాస్తు దాఖలు చేసి, ప్రయారిటీ పునరుద్ధరించమని రిసీవింగ్ ఆఫీసును, అంటే ఆ దరఖాస్తు తీసుకునే ఆఫీసును కోరాలి. ఆలస్యానికి కారణాలు రాసి, ఫీజు ఉంటే కట్టాలి. ఇవన్నీ ఆ 2 నెలల్లోనే పూర్తిచేయడం క్షేమం.

కారణాల పత్రం మీదే అంతా ఆధారపడుతుంది. కొన్ని ఆఫీసులు 'తగిన జాగ్రత్త తీసుకున్నా తప్పింది' అని చూపమంటాయి. కొన్నిటికి కావాలని చేయలేదని తేలితే చాలు. రెండింటినీ పాటించే ఆఫీసులూ ఉన్నాయి. అవకాశం ఉంటే మొదటిదాని కిందే అడగండి. అది కష్టమే, కానీ ఆ నిర్ణయం ఎక్కువ దేశాల్లో చెల్లుతుంది. 'పని ఒత్తిడిలో మర్చిపోయాం' అని ఒక్క వాక్యం రాస్తే నిలవదు. గడువులు ఎవరు చూసేవారు, గుర్తుచేసే ఏర్పాటు ఏమిటి, అది ఏ రోజు ఎక్కడ తప్పింది, ఎప్పుడు తెలిసింది, వెంటనే ఏం చేశారు, అన్నీ తేదీలతో రాయండి. డబ్బు లేక ఆగామంటే సాధారణంగా తగిన జాగ్రత్త కింద ఒప్పుకోరు. ముందు వద్దనుకుని తర్వాత మనసు మార్చుకుంటే రెండో ప్రమాణం కూడా దక్కదు.

పీసీటీ దరఖాస్తును ఒక్కో దేశంలో ముందుకు తీసుకెళ్లే గడువు, సాధారణంగా ప్రయారిటీ తేదీ నుంచి 30 నెలలు, దాటితే ఆ దేశపు ఆఫీసుకే అర్జీ పెట్టాలి. అడ్డంకి తొలగినప్పటి నుంచి 2 నెలలు, గడువు ముగిసినప్పటి నుంచి 12 నెలలు, వీటిలో ఏది ముందైతే ఆలోపే. ఆగిపోయిన పనిని కూడా అప్పుడే పూర్తిచేయాలి. కొన్ని దేశాలు ఈ నియమాన్ని అమలు చేయవు, కాబట్టి ముందే కనుక్కోండి.

యుద్ధం, సమ్మె, ప్రకృతి విపత్తు వంటివాటి వల్ల పీసీటీ నియమాల్లోని ఇతర గడువులు తప్పితే, గడువు ముగిసిన 6 నెలల్లోపు ఆధారాలు ఇవ్వాలి. 2022 జులై నుంచి అంటువ్యాధి కూడా ఈ జాబితాలో ఉంది. ప్రయారిటీ గడువుకు మాత్రం ఈ దారి వర్తించదు.

ప్రయారిటీ అర్జీని తిరస్కరించే ముందు రిసీవింగ్ ఆఫీసు మీ వివరణ అడుగుతుంది. ఆ నోటీసుకు జవాబు ఇవ్వకుండా వదలకండి, మొదటిసారి చెప్పని వివరాలు చేర్చే అవకాశం అదే.