‘సాయం చేరింది’ అని రాసే ముందు

యుద్ధంలో ఉన్న ఊరికి ‘సాయం చేరింది’ అని నేనొకసారి హెడ్డింగ్ పెట్టాను. తెల్లారాక కాపీ మళ్లీ చూస్తే, చేరింది విమానాశ్రయానికే. నైట్ డ్యూటీ నిద్రమత్తు, తప్పు నాదే. అప్పటినుంచి డెస్క్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకు ఒకటే చెబుతాను: పిండిబస్తా వెంట ఇంటిదాకా వెళ్లండి.

బోస్నియా రాజధాని సరయేవోతో నేర్చుకుంటే తేలిక. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా ముట్టడిలో ఉన్న ఊరు.

ముందు గేటు ఎవరి చేతిలో ఉందో చూడండి. 1992 జూన్ 28న ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరా చెప్పాపెట్టకుండా అక్కడ దిగాడు. మర్నాడే, ఊరిని చుట్టుముట్టిన సెర్బు బలగాలు విమానాశ్రయాన్ని ఐక్యరాజ్యసమితి దళాలకు అప్పగించాయి. ఆ దళాల కమాండర్ అప్పుడు మనవాడే, జనరల్ సతీశ్ నంబియార్. తాళం చేతులు మారినా, కొండల మీది ఫిరంగులు కదల్లేదు. వచ్చిన సరుకులో సెర్బుల ప్రాంతాలకూ వాటా వెళ్లేది. రోడ్డు మీద వచ్చే లారీల నుంచి చెక్‌పోస్టుల్లో కొంత దించుకునేవారు. అందుకే ‘ఇన్ని టన్నులు’ అని కనబడితే, ఎక్కడ తూచారని అడగండి.

తీసుకునేవాళ్లు చెయ్యి చాపి కూర్చుంటారనీ అనుకోకండి. 1993 ఫిబ్రవరిలో, తూర్పు బోస్నియా పట్టణాలకు సెర్బులు లారీలను పోనివ్వడం లేదని సరయేవో పాలకులు తమకొచ్చే సాయాన్నే వద్దన్నారు. ఆకలిగా ఉన్న ఊరు కంచం పక్కకు నెట్టింది! ఐరాస శరణార్థుల హైకమిషనర్ సదాకో ఒగాటా పని ఆపేస్తే, ఆమె పైనున్న ఐరాస ప్రధాన కార్యదర్శి బుత్రోస్ ఘాలీ మళ్లీ మొదలుపెట్టించాడు. ఇలాంటివి రెండు లైన్లలో కుదించేస్తాం. అసలు వార్త అక్కడే ఉంటుంది.

లారీలో ఏం రాలేదో కూడా రాయండి. ఆయుధాలపై ఐరాస నిషేధం అప్పటికే 1991 నుంచీ ఉండేది. పిండి దించే విమానాశ్రయంలోనే, ముట్టడి నుంచి బయటపడాలని రాత్రిపూట రన్‌వే దాటబోయిన ఊరివాళ్లను ఐరాస సైనికులు వెనక్కి పంపేవారు. చివరికి దాని కిందనుంచే సుమారు 800 మీటర్ల సొరంగం తవ్వుకున్నారు. 1993 జులై ఆఖరుకి పూర్తయింది.

తిన్నవాళ్ల మాట వదలకండి. సాయంగా వచ్చిన గొడ్డుమాంసం డబ్బాలను పిల్లులు కూడా ముట్టలేదని ఆ ఊళ్లో చెప్పుకుంటారు. 2007లో అలాంటి డబ్బానే నడుమెత్తున చేసి స్మారకంగా నిలబెట్టారు. ‘అంతర్జాతీయ సమాజానికి, కృతజ్ఞతతో సరయేవో పౌరులు’ అని దానిమీద రాశారు. కాపీలో ‘కృతజ్ఞత’ అనే మాట కనిపిస్తే, దాని చుట్టూ ఉన్న కోట్స్ మాత్రం తీసేయకండి.