ఒక్క గిటార్‌లో రకరకాల సౌండు: పికప్, వైరింగ్ పని ఇంట్లోనే చేసుకునేదానికి

పోయిన నెల ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక పిల్లోడు గిటార్ భుజానేసుకుని వచ్చి "అన్నా ఎనిమిది వేలు ఉండాయి, ఏ పికప్ కొనేది" అన్నాడు. ముందు స్క్రూడ్రైవర్ ఎత్తుకోరా అన్నా. వాడు నన్ను ఎగాదిగా చూసినాడు.

వాడిది హెచ్ఎస్ఎస్ ఎలక్ట్రిక్ గిటారు, అంటే తీగల కింద మూడు పికప్పులు (తీగ అదురుని సిగ్నల్‌గా మార్చేవి), బ్రిడ్జి (తీగలు ఆనే కింది కొస) దగ్గర రెండు కాయిల్స్ ఉండే హంబకర్, మిగతా రెండూ ఒక్క కాయిలే ఉండే సింగిల్ కాయిల్. మన తిరపతిలో వాయించేవాళ్ళకి ఒక్క గిటారే అన్నిటికీ దిక్కు కదా, గంగ జాతర ఆర్కెస్ట్రాలో సన్నగా టింగుమని పలకాల, కాలేజ్ ఫెస్ట్‌లో డిస్టార్షన్ పెడితే గోడలు అదరాల, మధ్యలో మెలోడీకి మెత్తగా కూడా ఉండాల. దీనికి మూడు గిటార్లు అక్కర్లేదు, కొత్త పికప్పులు కూడా చాలాసార్లు అక్కర్లేదు, ఉన్నదాన్ని సరిగ్గా వాడుకుంటే చాలు.

మొదట పికప్ ఎత్తు. పైసా ఖర్చు లేదు. చివరి ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మి) దగ్గర తీగ నొక్కి పట్టుకుని తీగకీ పికప్‌కీ మధ్య సందు చూడండి. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు, మూడు కార్డులు పేరిస్తే 2.3 దగ్గరకొస్తాది, లావు తీగ వైపు అంత సందు, సన్న తీగ వైపు రెండు కార్డులు పట్టేంత ఉంటే మొదలుపెట్టేదానికి బాగుంటాది, ఆపైన చెవితో విని పికప్ పక్కన ఉండే స్క్రూలు తిప్పుకోవాల్సిందే. సౌండ్ జాస్తి వస్తాదని పికప్పుని తీగకి ఆనించినట్టు లేపేస్తారు చాలామంది, అప్పుడు సింగిల్ కాయిల్‌లో ఉండే అయస్కాంతాలు తీగని లాగేసి పై ఫ్రెట్లలో శ్రుతి వణికినట్టు వినిపిస్తాది, ట్యూనింగ్ ఎంత చేసినా కుదరదు. ఆ పిల్లోడి గిటార్లో సగం రోగం ఇదే.

తర్వాత పాట్లు, అంటే వాల్యూమ్, టోన్ నాబుల కింద ఉండే తిప్పుడు రెసిస్టర్లు. సింగిల్ కాయిల్స్‌కి 250కే, హంబకర్లకి 500కే వాడతారు ('కే' అంటే కిలో ఓమ్‌లు). పాట్ విలువ తగ్గేకొద్దీ ట్రెబుల్ కొంచెం కొంచెంగా గ్రౌండ్‌కి (సిగ్నల్ తిరుగు వైరుకి) కారిపోతాది, అందుకే సన్నగా గుచ్చే సింగిల్ కాయిల్‌కి 250, రొంత మందంగా ఉండే హంబకర్‌కి 500. మీ గిటార్ మరీ చెవులు కోస్తుంటేనో దుప్పటి కప్పినట్టు ఉంటేనో పికప్‌ని తిట్టేముందు పాట్ మీద ఏం రాసుందో చూడండి. కొనేటప్పుడు ముందు 'ఏ' అక్షరం ఉండేది ఆడియో టేపర్ (చెవికి సమంగా పెరిగేది), 'బీ' లీనియర్ (కొలతలో సమంగా పెరిగేది). వాల్యూమ్‌కి లీనియర్ వేస్తే పది నుంచి మూడు దాకా పెద్ద తేడా తెలీదు, ఆపైన ఒక్కసారిగా పడిపోతాది. ఇంకోటి, అమెరికా సైజు పాట్‌కి మూడు బై ఎనిమిది అంగుళాల బొక్క కావాల, ఏషియా గిటార్లలో ఎక్కువగా 8 మిల్లీమీటర్లే ఉంటాది, కొలుచుకోకుండా తెప్పించుకుంటే ఆకురాయి పట్టుకుని కూర్చోవాల్సిందే.

టోన్ కెపాసిటర్‌ని గురించి జనం పురాణాలు చెప్తారు గానీ టోన్ నాబ్ పూర్తిగా పైన ఉన్నంతసేపూ దాని తేడా దాదాపు వినపడదు. 223 అని రాసుంటే 0.022 మైక్రోఫారడ్, 473 అంటే 0.047. మొదటిది హంబకర్‌కి, రెండోది సింగిల్స్‌కి అలవాటుగా వేస్తారు. టీవీ రిపేరు అంగట్లో దొరికే చవక కెపాసిటర్ చాలు, వందలు పోసి పాతకాలందే కావాలని పట్టుబట్టొద్దు.

ఇప్పుడు అసలు పని, కాయిల్ స్ప్లిట్.

హంబకర్‌లో రెండు కాయిల్స్ పక్కపక్కనే ఉంటాయి. వాటి అయస్కాంత ధ్రువాలు ఎదురెదురు, చుట్టు దిశ కూడా తిరగేసి ఉంటాది, కాబట్టి తీగ సిగ్నల్ రెండింటిలోనూ కలిసొస్తాది, కరెంటు నుంచి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ (గుయ్యిమనే మోత) మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాది. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ అనే ఆయన తయారుచేసింది ఇదే, హమ్‌ని బక్ చేసేది, అంటే అడ్డుకునేది కాబట్టి హంబకర్. ఈ రెండింటిలో ఒకదాన్ని నిద్రపుచ్చితే సింగిల్ కాయిల్‌కి దగ్గరగా సన్నటి సౌండ్ వస్తాది.

ముందు మీ హంబకర్ నుంచి ఎన్ని వైర్లు వస్తున్నాయో చూడండి. నాలుగు రంగుల వైర్లు, ఒక బోడి వైరు ఉంటే సరే. ఒకే వైరు, చుట్టూ జడ అల్లినట్టు షీల్డ్ ఉంటే దాన్ని విప్పే సాహసం మొదటిసారే వద్దు, లోపలి రాగి తీగ తలవెంట్రుక కంటే సన్నం, తెగితే పికప్ అక్కడితో సరి.

రంగులు కంపెనీకొక రకం. సీమోర్ డంకన్‌లో నలుపు హాట్ (సిగ్నల్ బయటికి పోయేది), తెలుపు ఎరుపు కలిపి ఉంచేవి, ఆకుపచ్చ గ్రౌండ్. డిమార్జియోలో ఎరుపు హాట్, నలుపు తెలుపు కలిపేవి, ఆకుపచ్చ గ్రౌండ్. బోడి వైరు రెండింటిలోనూ గ్రౌండ్‌కే. నేను మొదటిసారి ఒకరి చార్ట్ పెట్టుకుని ఇంకొకరి పికప్‌కి అంటించినా, రెండు కాయిల్సూ ఎదురు తిరిగి సౌండ్ రేకుడబ్బాలో కందులు పోసినట్టు వచ్చింది, హమ్ పోకపోగా రెండింతలైంది. రెండు రోజులు యాంప్‌ని అనుమానించినా.

టోన్ పాట్ తీసేసి ఆ చోట పుష్ పుల్ పాట్ పెట్టండి. కింద ఆరు కాళ్ళ స్విచ్ ఉంటాది, మూడేసి కాళ్ళు రెండు వరసలు. ఒక వరసలో మధ్య కాలికి ఆ కలిపిన రెండు వైర్ల జంట, నాబ్ పైకి లాగినప్పుడు మధ్య కాలితో కలిసే చివరి కాలికి గ్రౌండ్. పైకి లాగితే ఏ కాలు కలుస్తుందో బొమ్మ చూసి నమ్మకండి, మల్టీమీటర్ బీప్‌లో పెట్టి చూసుకోండి.

ఇంతవరకు అందరూ చేసేదే. కానీ గ్రౌండ్‌కి నేరుగా కలిపితే సౌండ్ మరీ బక్కచిక్కి పోతాది, వాల్యూమ్ కూడా పడిపోతాది, స్టేజీ మీద పాట మధ్యలో లాగితే గిటార్ మాయమైనట్టు ఉంటాది. అందుకని ఆ చివరి కాలికీ గ్రౌండ్‌కీ మధ్యలో 2.2కే రెసిస్టర్ వేయండి. రెండో కాయిల్ పూర్తిగా చావకుండా కొంచెం ఊపిరితో ఉంటాది, సౌండ్‌కి కండ మిగులుతాది. రెండో వరస ఖాళీగానే ఉంది కదా, వాల్యూమ్ పాట్ 500కే అయితే లాగినప్పుడు మాత్రం హాట్ నుంచి గ్రౌండ్‌కి 470కే రెసిస్టర్ కలిసేట్టు పెట్టండి, పాట్ 240 చిల్లరగా పనిచేసి స్ప్లిట్‌లో గుచ్చుడు తగ్గుతాది. రెండు రెసిస్టర్లకీ పది రూపాయలు కాదు.

స్ప్లిట్ చేసి బ్రిడ్జి, మధ్య పికప్పులు కలిపి పెట్టి వినండి. హమ్ పోతే అదృష్టం. పెరిగితే మీరు మిగిల్చిన కాయిల్, మధ్య పికప్ ఒకే దిశలో ఉన్నట్టు, అప్పుడు జంటని గ్రౌండ్‌కి బదులు హాట్‌కి కలిపితే రెండో కాయిల్ మిగులుతాది. (ఈ మధ్య పొజిషన్లకి 1977 దాకా ఫెండర్ గిటార్ కంపెనీ ఐదు పొజిషన్ల స్విచ్చే ఇవ్వలేదు, వాయించేవాళ్ళు మూడింటి స్విచ్‌ని నడిమధ్యలో ఇరికించి నెట్టుకొచ్చినారు.)

వాల్యూమ్ తగ్గిస్తే మబ్బు పట్టినట్టు అవుతుంటే పాట్ ఇన్‌పుట్, అవుట్‌పుట్ కాళ్ళ మధ్య 102 అని రాసున్న కెపాసిటర్, 150కే రెసిస్టర్ సమాంతరంగా, రెండూ ఆ రెండు కాళ్ళకే అంటుకునేట్టు వేయండి, అంతే.

టంకం పనికి 40 వాట్ల ఐరన్, 60/40 టిన్ లెడ్ సోల్డర్, రోజిన్ ఫ్లక్స్. పాట్ వీపుని ఉప్పుకాగితంతో గీకి మూడు నాలుగు సెకన్లలో అంటించి తీసేయాల, పట్టుకునే ఉంటే లోపలి ట్రాక్ కాలిపోతాది. విప్పేముందు ఫోన్‌లో నాలుగు ఫోటోలు తీసుకోండి. సామాన్లు మన టౌన్లో దొరక్కపోతే సప్తగిరి రైలెక్కి చెన్నై పోండి, ఎలక్ట్రానిక్స్ అంగళ్ళుండే రిచీ స్ట్రీట్‌లో ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి.

చివరగా ఒకటి, దీన్ని నవ్వులాటగా తీసుకోవద్దు. తీగల మీద చెయ్యి పెడితే హమ్ తగ్గడం మామూలే, బ్రిడ్జికి పోయే గ్రౌండ్ వైరు చేసే పని అది, చెయ్యి పెడితే పెరిగిందంటే జాక్ దగ్గర హాట్, గ్రౌండ్ తారుమారైనట్టు. కానీ వినాయక చవితి పందిట్లో వాయిస్తూ మైకుకి మూతి తగలగానే షాక్ కొడితే తప్పు గిటార్‌ది కాదు, ఎవరో యాంప్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేసి ఉంటారు, లేదా ఆ బోర్డుకి ఎర్తే లేదు. బ్రిడ్జి వైరు కోసేస్తే సరిపోతాదని సలహా ఇచ్చేవాళ్ళు ఉంటారు, వినొద్దు. ఎర్త్ సరిచేసేదాకా తీగ ముట్టుకోకండి, ఆర్కెస్ట్రా ఓనరు ఎంత తొందరపెట్టినా సరే.

పిక్‌గార్డ్ (పికప్పుల చుట్టూ ఉండే పై రేకు) స్క్రూలు బిగించేముందు జాక్ పెట్టి ఒక్కో పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టండి, స్విచ్ ఏ పొజిషన్లో ఉంటే ఆ పికప్ మాత్రమే టక్‌మనాల. హంబకర్‌కైతే రెండు వరసలూ తట్టండి, నాబ్ పైకి లాగితే ఒక వరస గట్టిగా, ఇంకోటి నీరసంగా పలకాల. ఆ పిల్లోడి గిటార్ అట్లా పలికేసరికి రాత్రి పదకొండైంది. ఎనిమిది వేలల్లో ఆరొందలు కూడా ఖర్చు కాలా, మిగతా దుడ్లతో యాంప్ కొంటానని పోయినాడు.