వైటెనింగ్ జెల్ పీహెచ్ పంటి మీద ఉన్నంతసేపూ ఎలా మారుతోందో ఇలా చూస్కోండి

క్లినిక్‌లో వాడే జెల్ గురించి ఎవర్నడిగినా అందులో పళ్ళని తెల్లబరిచే పెరాక్సైడ్ 35 శాతమా 40 శాతమా అన్నది టక్కున చెప్పేస్తారు, పీహెచ్ (ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 7 అంటే న్యూట్రల్, తగ్గేకొద్దీ ఆమ్లం) ఎంత అంటే మాత్రం డబ్బా తిప్పి చూస్తారు. నేనూ అంతే, న్యూట్రల్ అని రాసుంటే చాల్లే అనుకునేవాణ్ణి. అది కలిపిన నిమిషంలో మాట, పంటి మీద అరగంట ఉన్నాక కథ వేరు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆమ్లంలోనే చెడకుండా నిలవుంటుంది, అందుకే సిరంజిలో కావాలనే పీహెచ్ తక్కువ పెడతారు, రెండు సిరంజిలు కలిపే రకాల్లో చాలావాటికి రెండోదాన్లో క్షారం ఉంటుంది, సరిగ్గా కలపకపోతే అక్కడక్కడా ఆమ్లం అలాగే మిగిలిపోతుంది. ఎనామిల్‌కి 5.5 దాటి కిందికొస్తే ఖనిజం కరగడం మొదలు, వేరు బయటపడ్డ చోట డెంటిన్‌కైతే (ఎనామిల్ కింద ఉండే పొర) 6.5 దగ్గరే. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం 10 రెట్లు పెరిగినట్టు. పైగా గమ్ బ్యారియర్ (చిగుళ్ళకి జెల్ తగలకుండా వేసే అడ్డు) పెట్టాక లాలాజలం పంటిదాకా రాదు, కాపాడేవాళ్ళు లేరు. కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ రకం కాస్త నయం, అందులోని యూరియా అమోనియాగా విడిపోయి పీహెచ్‌ని పైకే లాగుతుంది.

ఇక కొలవడం. గ్లవ్స్ వేస్కోండి ముందు, నేను ఓసారి వేస్కోలేదు, బొటనవేలు కొస సున్నం రాసినట్టు తెల్లగా అయిపోయి మండింది. చదును మొన ఉన్న ఎలక్ట్రోడ్ (జెల్‌కి తాకించే కడ్డీ) ఉన్న పీహెచ్ మీటర్‌ని 4, 7 బఫర్లతో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు) సరిచేసి, గాజు పలక మీద జెల్ కలిపి వెంటనే ఒకటి, తర్వాత 5 నిమిషాలకోసారి 30 దాకా రాస్కోండి. అసలు లెక్క తేలేది పంటి మీద ఉన్న జెల్‌లో, కాబట్టి సెషన్‌లో తీసేసేటప్పుడు కొంచెం పక్కకి తీసి అదీ కొలవండి. పేపర్ స్ట్రిప్ వాడితే అప్పటికప్పుడే చదివెయ్యాలి, పెరాక్సైడ్ దాని రంగుని కూడా బ్లీచ్ చేసేస్తుంది, మీరు చార్ట్ వెతికేలోపు వెలిసిపోతుంది.

6 వైపు దిగుతోందంటే ఇంకో పది నిమిషాలు ఉంచుదాం అనకండి, సక్షన్‌తో తీసేసి తాజా జెల్ వెయ్యండి. పన్ను జివ్వుమనడం మాత్రం పూర్తిగా ఆమ్లం తప్పు కాదు, పెరాక్సైడ్ పంటి లోపల నరాలుండే పల్ప్‌దాకా పోతుంది, న్యూట్రల్ జెల్‌తోనూ జివ్వుమంటుంది.

ప్రతి రీడింగ్ తర్వాత ఎలక్ట్రోడ్ కడగండి, జెల్ ఆరిపోయి అతుక్కుంటే తర్వాతొచ్చే అంకెలన్నీ అబద్ధాలే.