దసరాకు పిస్టల్ బయటికి తీసే ముందు

పెత్తరమాస దాటిందంటే లైసెన్సు పిస్టల్ ఉన్నవాళ్లు ఒకరిద్దరు నాకు ఫోన్ చేస్తారు. ఏడాదంతా బీరువాలో పడున్నదాన్ని ఆయుధ పూజకు బయటికి తీస్తారు, ఎట్లాగూ తీశాం కదా అని నాలుగు రౌండ్లు కాల్చి చూద్దామనుకుంటారు. నల్లగొండలో పోలీసు ఆయుధాల గదిలో చాలా ఏళ్లు చేసిన మనిషిని కాబట్టి నన్ను అడుగుతారు. చేత్తో ముట్టను, చూసి చెప్తాను అంతే.

పోయిన దసరా ముందు మిర్యాలగూడ దగ్గర రైస్‌మిల్లు నడిపే ఒకాయన ఫోన్ చేశాడు. "అన్నా, పాత డబ్బాతో ఎన్నడూ ఆగలే. కొత్త డబ్బా తూటాలు నింపితే రెండోదో మూడోదో ఇరుకుతోంది. పిస్టల్ ఖరాబైందంటవా?"

"రెండు రకాలూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో పంపు తమ్మీ" అన్నాను.

ఫోటో చూస్తే సంగతి సగం తెలిసిపోయింది. పాత తూటా గుండ్రటి ముక్కుది. కొత్తది ముక్కు మీద గుంట ఉన్న రకం, ఎత్తు తక్కువ. మన దగ్గర ఎక్కువగా ఉండే పాయింట్ 32 పిస్టల్ తూటా జాన్ బ్రౌనింగ్ 1899లో తెచ్చినది. దాని అడుగు అంచు ఒంటికన్నా కొద్దిగా బయటికి ఉంటుంది. మ్యాగజైన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెలో, పై తూటా అంచు కింది దాని అంచుకు ముందు ఉండాలి. పొట్టి తూటాకు ముందు వైపు ఖాళీ మిగులుతుంది, అందుకని కుదుపుకు వెనక్కి జరుగుతుంది. పై అంచు పోయి కింది అంచు వెనక చిక్కిందంటే, స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే భాగం) ఎంత నెట్టినా ఆ తూటా కదలదు. పిస్టల్‌లో ఏ లోపమూ లేకున్నా ఇట్లా ఆగుతుంది.

అందుకే ఒకేసారి అన్నీ మార్చొద్దు. అదే మ్యాగజైన్‌తో పాత తూటాలు, తర్వాత కొత్తవి. ఆ తర్వాత రెండో మ్యాగజైన్‌తో కొత్తవి. మ్యాగజైన్లకు పెయింటు చుక్కలు పెట్టుకోండి. ఒక మ్యాగజైన్‌తోనే ఆగుతుంటే తూటాను పట్టి ఉంచే దాని పై అంచులు (పెదవులు) వంగాయో, స్ప్రింగ్ మెత్తబడిందో చూపించుకోవాలి. ఖాళీ కేసు (గుండు పోయాక మిగిలే తూటా గొట్టం) పూర్తిగా బయటికి పోక స్లైడ్‌లో పొగగొట్టంలా నిలబడితే తూటాలో మందు బలం చాలలేదేమో, చేతి పట్టు వదులైందేమో చూడాలి. ట్రిగ్గర్ నొక్కినా పేలని తూటా ఉంటే దాని వెనక పిన్ను (తూటాను కొట్టి పేల్చే మొన) కొట్టిన గుంట చూడండి. లోతుగా పడితే అనుమానం తూటా మీద, పైపైన పడితే పిన్ను మీద, స్ప్రింగ్ మీద, లోపలి మురికి మీద.

ఇంకో పొరపాటు నాకు నిజంగా భయం పుట్టిస్తుంది. పాయింట్ 32 రివాల్వర్ తూటా వేరు, పాయింట్ 32 పిస్టల్ తూటా వేరు. అంకె ఒకటే కావడంతో ఇంట్లో రెండూ ఉన్నవాళ్లు కలిపేస్తారు. పిస్టల్ తూటా కొన్ని రివాల్వర్లలో దూరుతుంది కూడా. దూరినంత మాత్రాన అది దానిది కాదు. డబ్బా మీద రాసింది చదవందే నింపొద్దు.

రోజూ రాత్రి అన్‌లోడ్ చేసి, పొద్దున అదే తూటాను మళ్లీ లోడ్ చేసే అలవాటు చాలామందికి ఉంది. ప్రతిసారీ దాని ముక్కు తగులుతూ గుండు కేసులోకి కొద్దికొద్దిగా దిగుతుంది, పేలినప్పుడు లోపలి ఒత్తిడి పెరుగుతుంది. కొత్త తూటా పక్కన నిలబెట్టి పొట్టిగా కనిపించినదాన్ని పక్కన పెట్టేయండి.

కాల్చడం రేంజ్‌లోనే. పొలం దగ్గరి గుట్ట ఉంది కదా అనుకోవద్దు, మన గుట్టలు రాతి గుట్టలు, గుండు తగిలి ఎటు మళ్లుతుందో ఎవరూ చెప్పలేరు. ఇరుక్కున్నప్పుడు చాలామంది "సార్, ఆగింది" అంటూ పిస్టల్‌తో సహా వెనక్కి తిరుగుతారు. మూతి ముందుకే ఉండాలి, వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి. పేలకపోతే కనీసం 30 సెకన్లు అట్లాగే పట్టుకోండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే స్లైడ్ లాగాలి, ఛాంబర్‌ను (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) కంటితో చూసి వేలితో తడమాలి. స్లైడ్ ముందు లాగితే మ్యాగజైన్‌లోంచి ఇంకొకటి ఎక్కి కూర్చుంటుంది.

'ఢామ్' బదులు 'టప్' మని చిన్నగా వినిపిస్తే అక్కడే ఆపేయండి. గుండు బ్యారెల్‌లో ఇరుక్కుని ఉండొచ్చు. ఇంకోటి కాలిస్తే బ్యారెల్ పగులుతుంది, చెయ్యి పోతుంది.

పూజకు పెట్టే పిస్టల్‌లో తూటా ఉండకూడదు, మ్యాగజైన్ వేరే గదిలో తాళం వేసి ఉండాలి. పసుపు కుంకుమ పిడికి మాత్రమే. ఆ పొడి లోపలికి పోతే తర్వాత తూటాలు సరిగ్గా ఎక్కవు. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడుతుంది. తూటాలకు ఏ నూనే తగలొద్దు, వెనక మందులోకి దిగితే పేలవు. జమ్మి దగ్గర గాల్లోకి కాల్చడం ఎంత మాత్రం వద్దు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత అట్లా ప్రాణాల మీదికి తెచ్చే కాల్పులకు రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

లేత్ షాపులో ఆకురాయితో అరగదీయించడం కూడా వద్దే వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం రిపేరుకూ లైసెన్సు కావాలి. లైసెన్సున్న మెకానిక్ దగ్గరికి పోయేటప్పుడు డబ్బా మీది లాట్ నంబరు, ఏ చుక్క మ్యాగజైన్, ఎన్నో తూటాకు ఆగింది, ఎట్లా ఆగింది రాసుకుని పోండి. మిల్లాయన ఆ కాగితం పట్టుకుని హైదరాబాద్ పోయాడు. పిస్టల్‌కు ఏ పనీ పడలేదు, గుండ్రటి ముక్కు డబ్బా కొనుక్కొని వచ్చాడు.